చివరి చెయ్యి

ఆ కంప్యూటర్ కొట్లో వోల్టేజిని వోల్టేజి అనరు, ఉప్పు అంటారు. ఆ పేరు పెట్టింది పెద్దక్క. కంప్యూటర్లో బొమ్మలు నడిపించే గ్రాఫిక్స్ కార్డుని కంపెనీవాడు నిర్ణయించిన వేగం కంటే ఎక్కువగా పరిగెత్తిస్తే, ఒకచోటికి వచ్చేసరికి దానికి కాళ్ళు తడబడతాయి. అప్పుడు కాస్త కరెంటు బలం పెంచితే మళ్ళీ నిలదొక్కుకుంటుంది. ఆ బలమే ఉప్పు. చిటికెడు వేసి చూడాలి, చాలకపోతే ఇంకో చిటికెడు. కూరలో ఎక్కువైతే నీళ్ళు పోసి దిద్దుకోవచ్చు గానీ కార్డులో ఎక్కువైతే ఏం పోసినా లాభం లేదు. చిటికెడంటే పది మిల్లీవోల్టులని లెక్క కట్టింది కూడా పెద్దక్కే.

ఆమెని అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఆ వీధిలో ఎవరూ మిగల్లేదు. తమ్ముడు అక్కా అంటాడు, తమ్ముడి భార్య వదినా అంటుంది, కొట్టుకొచ్చేవాళ్ళంతా, తలలు నెరిసినవాళ్ళతో సహా, పెద్దక్కా అంటారు. ముందుగదిలో తమ్ముడు కూర్చుని అమ్మకాలు చూసుకుంటాడు. వెనకగదిలో పొడుగాటి బల్ల మీద కార్డుల పని పెద్దక్కది, ఈమధ్యనుంచి మరదలిది కూడా. మేడ మీద ఇల్లు. మరదలు ఎంత బాగా చేసినా సరే, పెద్దక్క ఒకసారి కూర్చుని మొదట్నుంచీ చూసి సరే అనకుండా ఏ కార్డూ గడప దాటదు. దానికి చివరి చెయ్యి అని పేరు. "పెద్దక్క చెయ్యి పడిందా?" అని అడిగి గానీ వస్తువు అందుకోరు జనం. తమ్ముడు దీన్ని ఒక బోర్డు రాయించి గోడకి తగిలిస్తానన్నాడు గానీ ఆమె వద్దంది. వద్దన్నందుకు ఇంకా మంచి పేరు వచ్చింది.

ఇళ్ళ బొమ్మలాయన ఆ పొద్దున తన కంప్యూటర్ని పసిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని వచ్చాడు. ఇంకా కట్టని ఇళ్ళకి బొమ్మలు చెయ్యడం ఆయన పని. పునాది కూడా తవ్వని ఇంట్లో వంటగది కిటికీలోంచి ఎండ ఎలా పడుతుందో, మెట్లెక్కితే ఎదురుగా ఏం కనిపిస్తుందో తెర మీద నడిపించి చూపిస్తాడు. ఆ బొమ్మలు తయారవ్వాలంటే కార్డు గంటల తరబడి ఊపిరి తీసుకోకుండా పనిచెయ్యాలి.

"ఎల్లుండి ఇల్లు కట్టించుకునేవాళ్ళు చూడ్డానికి వస్తున్నారు పెద్దక్కా. ఇదేమో నత్తలా పాకుతోంది. కాస్త పరిగెత్తించి పెట్టండి," అన్నాడు.

"పరిగెత్తిస్తాం. కానీ ఎద్దుని గుర్రం చెయ్యమని మాత్రం అడక్కండి. ఎద్దు పరుగు ఎద్దుదే," అంది పెద్దక్క. తర్వాత వెనక్కి తిరిగి, "అమ్మాయ్, ఇది మొదట్నుంచీ నువ్వే చెయ్యి. నేను మధ్యలో నోరు మెదపను," అని మరదలితో అంది.

నోరు మెదపకుండా ఉండడం వదినకి ఎంత కష్టమో తెలుసు గనక మరదలు నవ్వుకుంది. కంప్యూటర్ విప్పి కార్డు బయటికి తీసింది. మరలు ఊడదీసి ఒక మూతలో వేసుకుంది. చిప్ మీద పాత పేస్టు ఎండి పెచ్చులు కట్టి ఉంది. దాన్ని స్పిరిట్‌లో తడిపిన గుడ్డతో తుడిచి, కొత్త పేస్టు బియ్యపుగింజంత పెట్టి, రేకు మీద రేకుగా పేరుకున్న దుమ్ముని కుంచెతో దులిపింది. మళ్ళీ బిగించేటప్పుడు ఒక మూల మర తర్వాత దానికి ఎదురు మూల మర, అలా మార్చి మార్చి బిగించింది. అన్నట్టుగానే పెద్దక్క చేతులు కట్టుకుని చూస్తూ నిలబడింది. ఆయన స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్నాడు.

తెర మీద పరీక్ష మొదలైంది. బొచ్చు ఉంగరం లాంటి బొమ్మ ఒకటి గిరగిరా తిరగసాగింది. కార్డుకి చెమటలు పట్టించడానికే పుట్టిన బొమ్మ అది. మరదలు వేగం కొద్దికొద్దిగా పెంచుతూ, పెంచినప్పుడల్లా ఆగి చూస్తూ వచ్చింది. ఒకచోట బొమ్మ మీద రంగురంగుల చుక్కలు లేచాయి. ఆ చుక్కల్ని వాళ్ళు చెమటకాయలంటారు. మరదలు చిటికెడు ఉప్పు వేసింది. చెమటకాయలు అణిగిపోయాయి. ఆమె వెంటనే సొరుగు తెరిచి, తుపాకీలా పట్టుకునే థర్మామీటరు తీసి కార్డు పక్క అంచుకి గురిపెట్టింది. తెర మీద కనిపించే వేడి నడిమి చిప్‌ది మాత్రమే. ఆ చిప్‌కి కరెంటు అందించే చిన్న చిన్న ముక్కలు పక్కన వరసగా ఉంటాయి. అవి కాలిపోతున్నా తెర మీద ఏమీ తెలియదు, మనమే వెళ్ళి పలకరించాలి.

రెండో చిటికెడు వేశాక ఇంకొంచెం వేగం వచ్చింది. ఇంకో మెట్టు ఎక్కబోయేసరికి మళ్ళీ చెమటకాయలు. మరదలు చెయ్యి ఒక్క క్షణం ఆగింది. మూడో చిటికెడు వెయ్యలేదు. వేగాన్నే ఒక మెట్టు వెనక్కి దించి, "దీని ప్రాణానికి ఇక్కడ చాలు," అంది.

పెద్దక్క అనబోయిన మాట అదే. అనడానికి నోరు తెరిచింది కూడా. తెరిచిన నోరు ఊరికే మూసుకోలేక ఆవులించింది.

ఇళ్ళ బొమ్మలాయన స్టూలు మీంచి లేచి వచ్చి తెర మీది వేగం అంకె చూశాడు. "మా స్నేహితుడికి ఇదే కార్డు మీరు చేసిచ్చారు పెద్దక్కా. దానికి ఇంత రాలేదు. పైగా ఇది చల్లగా కూడా ఉంది. అమ్మాయి చెయ్యి మంచిదండీ," అన్నాడు.

"నా శిష్యురాలు కదా మరి," అని నవ్వింది పెద్దక్క. ఆ నవ్వు రావలసినదానికంటే కాస్త ఆలస్యంగా వచ్చింది. అది ఎవరూ గమనించలేదు.

సాయంత్రం వచ్చి తీసుకెళ్తానని ఆయన వెళ్ళిపోయాడు. భోజనాల వేళయింది. "మీరిద్దరూ తినేసి రండి. చివరి చెయ్యి నేను వేసేస్తాను," అంది పెద్దక్క. తమ్ముడూ మరదలూ మేడెక్కారు.

ఆమె కుర్చీ ముందుకి లాక్కుని పని మొదలుపెట్టింది. మరలు చూసింది, సరిగ్గా ఉన్నాయి. ఫ్యాన్లు తిరిగే తీరు చూసింది, తీగెలు నలగకుండా ఉన్నాయా అని వేలుపెట్టి చూసింది, వేగమూ ఉప్పూ చూసింది. ఎక్కడా ఏమీ లేదు. ప్రతిసారీ ఏదో ఒకటి దొరికేది. ఒక మర అరచుట్టు వదులుగానో, ఒక తీగె ఫ్యాను రెక్కకి దగ్గరగానో ఉండేది. "అమ్మాయ్, ఇలా వచ్చి చూడు," అని ఆమె పిలిచేది, మరదలు చూసి నాలిక కరుచుకునేది. ఆ నాలిక కరుచుకోవడం తనకి అంత ఇష్టమని పెద్దక్కకి ఆ మధ్యాహ్నం దాకా తెలియదు.

ఏమీ దొరకనప్పుడు లేచిపోవాలి. ఆమె లేవలేదు. "ఇది ఇంకాస్త ఇవ్వగలదు," అని తనలో తను అనుకుంది. అది పనితెలిసిన మనిషి మాటలాగే ఉంది. ఒక మితం దాటి ఉప్పు పడకుండా ఆ ప్రోగ్రాంలో ఒక తాళం ఉంటుంది. మన కొట్లో ఎవరూ దాని జోలికి పోకూడదని నియమం పెట్టింది ఆమే. ఆ తాళం తీసింది. చిటికెడు వేసి ఆగి, వేడి చూసి, మళ్ళీ చిటికెడు అని ఊరందరికీ చెప్పే మనిషి, మూడు చిటికెలు ఒకేసారి వేసింది. వేగం పెంచింది. బొచ్చు ఉంగరం తిరిగింది, అంకె పెరిగింది, చెమటకాయలు రాలేదు, నడిమి చిప్ వేడి కూడా పరవాలేదు. థర్మామీటరు సొరుగులోనే ఉంది. ఆమె చెయ్యి అటు పోలేదు. ఇంత ఉప్పు వేసిన కార్డుని పొద్దుగూకేదాకా పరుగుపెట్టించి గానీ నమ్మకూడదు. అయితే మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది, ఆమె గబుక్కున ఆ అంకెల్ని భద్రం చేసేసి తెర మూసింది.

"ఏమన్నా దొరికిందా వదినా?" అంది మరదలు చేతులు తుడుచుకుంటూ.

"ఆఁ, ఏదో కాస్త. చూసేశాలే."

సాయంత్రం ఇళ్ళ బొమ్మలాయన వచ్చినప్పుడు ఆ పెరిగిన అంకె తానే చూపించాలనుకుంది. ఆ వేళకి ముందుగది నిండా జనం. తమ్ముడు కంప్యూటర్ని ఆయన చేతిలో పెట్టేశాడు. "చెయ్యి పడిందా?" అని ఆయన లోపలికి కేకేస్తే, "పడింది," అని ఈమె లోపల్నుంచే బదులిచ్చింది. ఆయన వెళ్ళిపోయాడు. అంకె ఎవరికీ చూపించనేలేదని ఆమెకి కాస్త వెలితిగా అనిపించింది.

కట్టించుకునేవాళ్ళు రావలసిన రోజే ఆయన మళ్ళీ వచ్చాడు. కంప్యూటర్ని బల్ల మీద పెట్టి, దాని మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఆయన చొక్కా ఇస్త్రీ మడత నలగలేదు. వాళ్ళకోసం తొడుక్కున్నదని తెలుస్తూనే ఉంది.

"బొమ్మ మూడొంతులు అయింది. ఇంతలో టప్పుమని చప్పుడు, కాలిన వాసన. వాళ్ళేమో వచ్చేశారు. నల్లటి తెర ముందు కూర్చోబెట్టి, ఇక్కడ హాలు వస్తుందండీ, ఇక్కడ కిటికీ అండీ అని చేతులతో గాల్లో చూపించాను." నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. "వాళ్ళు మర్యాదస్థులు, టీ తాగి వెళ్ళారు. నేనే గోడకి ఆనించి పెట్టినట్టున్నాను పెద్దక్కా. గాలాడి ఉండదు. తప్పు నాదే అయ్యుంటుంది."

తమ్ముడు కార్డు విప్పాడు. పక్క వరసలో ఒక ముక్క నల్లగా మాడి పగిలింది. దాని చుట్టూ బోర్డు గోధుమరంగుకి తిరిగింది. పెద్దక్కకి చూడగానే తెలిసిపోయింది. తమ్ముడు ఇంకో కార్డు పెట్టి కంప్యూటర్ వెలిగించి, ప్రోగ్రాంలో భద్రం చేసి ఉన్న అంకెలు తెరిచాడు. ఒకటికి రెండుసార్లు చూశాడు.

"ఐదు చిటికెలున్నాయి ఇక్కడ. తాళం కూడా తీసుంది," అన్నాడు. తర్వాత భార్య వైపు తిరిగాడు. "ఏం చేశావు నువ్వు?"

మరదలు దగ్గరికొచ్చి చూసింది. "నేను రెండే వేశాను."

"అంకె కళ్ళెదురుగా ఉంది కదా."

"తాళం నేను ముట్టుకోలేదండీ."

"మరి దానంతటదే తీసుకుందా?"

మరదలు ఊపిరి పీల్చుకుంది. అప్పటికింకా ఆమె గొంతులో ధీమా ఉంది. "నేను ఎక్కువ వేసుంటే చివర్న వదిన పట్టుకునేవారు కదా. వదినా, మీరు చూశారు కదా?"

ముగ్గురూ పెద్దక్క వైపు తిరిగారు. చెప్పాల్సిన క్షణం అదే. నేనే వేశానర్రా అంటే అయిపోయేది. ఆమె నాలిక మీదికి ఆ మాట వచ్చింది కూడా. కానీ ఎదురుగా ఉన్నది ఇస్త్రీ చొక్కా తొడుక్కుని గాల్లో ఇల్లు చూపించిన మనిషి. ఆ మనిషి కళ్ళలో పెద్దక్క అంటే ఉన్న నమ్మకం అలాగే ఉంది. అది పోగొట్టుకోవడానికి ఆమెకి మనసొప్పలేదు.

"చూశాను గానీ," అంది పెద్దక్క, "సరిగ్గా చూడలేదేమో."

పెద్ద తప్పుని దాచడానికి చిన్న తప్పుని ముందుకు తోసింది. ఆ సంగతి తనకి అంటుండగానే తెలిసింది.

"మీరేం చేస్తారు వదినా," అంది మరదలు వెంటనే. "ఆకలితో కూర్చుని మమ్మల్ని భోజనానికి పంపించారు." తెర వైపు మళ్ళీ చూసింది. అంకె మారలేదు. ఆమె గొంతు కిందికి దిగింది. "ఏమో మరి. చెయ్యి జారి ఉంటుంది. నాకే గుర్తులేదేమో."

"పోనిద్దురూ, చిన్నపిల్ల," అన్నాడు ఇళ్ళ బొమ్మలాయన.

కొత్త కార్డు తెప్పించి మేమే పెట్టిస్తామని తమ్ముడు ఆయనకి మాటిచ్చాడు. ఆయన వెళ్ళాక భార్యతో, ఇకమీద కొన్నాళ్ళు ఫ్యాన్లు తుడిచే పని చూసుకోమన్నాడు.

ఆ తర్వాతి రోజులు పెద్దక్కకి ముళ్ళ మీద కూర్చున్నట్టే గడిచాయి. మరదలు గది మూల చిన్న బల్ల దగ్గర కూర్చుని ఫ్యాను రెక్కలు ఒక్కొక్కటే తుడిచేది. తుడిచినదాన్నే మళ్ళీ తుడిచేది. కళ్ళు మూసుకుని మర బిగువు చెప్పగల పిల్ల, "వదినా, ఇంతవరకూ బిగిస్తే చాలా, ఒక్కసారి చూస్తారా?" అని అడగడం మొదలుపెట్టింది. చాలు అంటే, "నిజంగా చాలా?" అని మళ్ళీ అడిగేది.

అది కొట్టుతో ఆగలేదు. గ్యాస్ కట్టేశానో లేదోనని సగం మెట్లు దిగినదల్లా మళ్ళీ ఎక్కి వెళ్ళి చూసొచ్చేది. తలుపు గడియ వేసి, లాగి చూసి, మళ్ళీ లాగి చూసేది. ఒకరోజు భోజనాల దగ్గర కూర చప్పగా ఉంది. ఉప్పు అసలు పడలేదు. తమ్ముడు ఏమీ అనకుండా ఉప్పుడబ్బా దగ్గరికి లాక్కున్నాడు. మరదలు ముఖం మాడిపోయింది. "వేశానేమో అనిపించింది. రెండోసారి పడుతుందేమోనని భయమేసి ఆపేశాను," అంది. పెద్దక్కకి అన్నం దిగలేదు. ఈ పిల్ల చేతుల మీద నమ్మకాన్ని తానే తీసి పారేసిందని, తీసింది కూడా అసూయతోనేనని ఆమెకి స్పష్టంగా తెలుసు. తెలిసీ కంచంలోకి చూస్తూ కూర్చుంది.

ఇది చాలదన్నట్టు ఒక్కొక్కరే వచ్చి ఆమెకి క్షమాపణ చెప్పుకోసాగారు. మెట్ల మీద తమ్ముడు ఆపాడు. "తప్పు నాదక్కా. ఇంకొన్నాళ్ళు నేర్చుకోనిమ్మని నువ్వంటూనే ఉన్నావు, నేనే తొందరపెట్టి బల్ల దగ్గర కూర్చోబెట్టాను."

"పోనీలేరా," అంది పెద్దక్క.

ఇళ్ళ బొమ్మలాయన ఫోన్ చేశాడు. "అమ్మాయిని ఏమీ అనకండి పెద్దక్కా. ఆ రోజు నేను పక్కన కూర్చుని తొందర చేశాను. నావల్లే చెయ్యి తడబడి ఉంటుంది."

"అయ్యో, మీరలా అనుకోకండి," అంది పెద్దక్క.

చివరికి మరదలు వచ్చింది. గుడ్డ చేతిలో నలుపుతూ ఎదురుగా నిలబడింది. "క్షమించండి వదినా. ఇన్నేళ్ళ మీ పేరు నావల్ల చెడింది."

"తప్పులు అందరూ చేస్తారమ్మా. మనసులో పెట్టుకోకు," అంది పెద్దక్క, ఆ పిల్ల భుజం తట్టి.

అని, స్నానాలగదిలోకి వెళ్ళి తలుపేసుకుని, ఆ మాట అన్న నోరు నీళ్ళతో పుక్కిలించింది. ఎన్నిసార్లు పుక్కిలించినా మాట పోలేదు. తనంటే తనకే రోత పుట్టింది. మొదటిరోజే నోరు విప్పి ఉంటే ఒక్క తప్పు ఒప్పుకుంటే సరిపోయేది. ఇప్పుడు ఇన్ని ఓదార్పుల సంగతీ ఒప్పుకోవాలి. వాళ్ళది కాని తప్పుని తాను పెద్దమనసుతో క్షమించిన ప్రతిసారీ ఈ గుట్ట పెరుగుతూ వచ్చింది. కొత్త కార్డు వచ్చి, ఆయన కంప్యూటర్ ఆయనకి వెళ్ళిపోతే అందరూ మర్చిపోతారులే అని కూడా ఒకపూట అనుకుంది. అలా అనుకున్నందుకు మళ్ళీ సిగ్గుపడింది.

కొత్త కార్డు వచ్చింది. పెట్టె విప్పుతూ తమ్ముడు, "ఇది నువ్వే చెయ్యక్కా," అన్నాడు.

అప్పుడు మరదలు పెద్దబల్ల దగ్గరికొచ్చి తన సరంజామా తీసుకోసాగింది. కుంచె, గుడ్డలు, పేస్టు గొట్టం. తన స్క్రూడ్రైవర్ని మాత్రం తీసుకోకుండా పెద్దక్క చేతిలో పెట్టింది. "ఇది మీ దగ్గర ఉంచండి వదినా. రేపట్నుంచి నేను ముందుగదిలో కూర్చుంటాను, మీ తమ్ముడితో మాట్లాడాను. తాళం తీసి, అంత ఉప్పు వేసి, వేసిన సంగతే గుర్తులేని చెయ్యి ఇది. నాకు దీన్ని చూస్తే భయమేస్తోంది." తన కుడిచేతిని అదేదో వేరేవాళ్ళది అన్నట్టు చూసుకుంది.

"ఆ ఉప్పు వేసింది నేను," అంది పెద్దక్క.

తమ్ముడు నిట్టూర్చాడు. "ఎంతకాలం ఇలా వెనకేసుకొస్తావక్కా మమ్మల్ని?"

మరదలికి కళ్ళనీళ్ళు తిరిగాయి. "నాకోసం మీరు అబద్ధాలాడక్కర్లేదు వదినా. మీరింత మంచిగా ఉంటే నాకు ఇంకా తల కొట్టేసినట్టుంటుంది."

తిడతారని పెద్దక్క అనుకుంది, ముఖం తిప్పుకుంటారనుకుంది. నమ్మరని అనుకోలేదు. ఇన్నేళ్ళుగా కూడబెట్టుకున్న మంచిపేరు ఇప్పుడు తలుపుకి అడ్డంగా నిలబడి ఆమెని బయటికి రానివ్వడం లేదు.

"అబద్ధం కాదమ్మా. మీరు పైన భోంచేస్తుంటే తాళం తీశాను. మూడు చిటికెలు ఒకేసారి వేశాను. థర్మామీటరు సొరుగులోంచి తియ్యను కూడా లేదు. నీ చెప్పుల చప్పుడు విని తెర మూసేశాను."

ఈసారి తమ్ముడి ముఖం మారింది. అక్క చెప్పే తీరు అతనికి తెలుసు. బల్ల అంచు పట్టుకుని మెల్లిగా అన్నాడు. "పొరపాటు జరిగి ఉంటుందిలే అక్కా. ఎవరికి జరగదు?"

అతను ప్రేమతోనే ఆ మాట అందించాడు. దాన్ని అందుకుంటే చాలు. పొరపాటేరా అంటే మరదలు తిరిగి బల్ల దగ్గరికొస్తుంది, తమ్ముడు టీ తెప్పిస్తాడు, ఇన్నాళ్ళు నోరు మెదపనందుకు కాస్త చివాట్లు పెడతారు, పెద్దక్క పెద్దక్కలాగే ఉంటుంది. ఆమె తల అప్పుడే సగం ఊగింది కూడా. మరదలు ఇంకా తన చేతినే చూసుకుంటోంది.

"పొరపాటు కాదు," అంది పెద్దక్క. "ఆ కార్డులో నాకు ఒక్క తప్పు కూడా దొరకలేదు. ఎక్కడ ఆగాలో నాకంటే ముందు తనకి తెలిసిపోయింది. చెయ్యి మంచిదని ఆయన అన్నాడు. నేను ఓర్చుకోలేకపోయాను. నా చెయ్యి పడితే ఇంకా పెరుగుతుందని చూపించుకుందామనుకున్నాను. అంతేరా, ఇంకేం లేదు."

బయట ముందుగదిలో ఎవరో వచ్చి బల్ల మీద తట్టారు. తమ్ముడు వెళ్ళలేదు.

మరదలి కళ్ళలో నీళ్ళు ఆరిపోయాయి. మాట్లాడేసరికి గొంతు మామూలుగానే ఉంది. "గ్యాస్ కట్టేశానో లేదోనని నేను మెట్లెక్కి దిగుతుంటే మీరు చూస్తూనే ఉన్నారు వదినా."

"చూస్తూనే ఉన్నాను."

"చప్పటి కూర తిన్నారు."

"తిన్నాను."

"క్షమించమని వస్తే భుజం తట్టి, తప్పులు అందరూ చేస్తారమ్మా అన్నారు."

పెద్దక్క తల ఊపింది.

మరదలు చెయ్యి చాచి స్క్రూడ్రైవర్ని వెనక్కి తీసుకుంది. "నా కార్డుల మీద ఇంక మీ చెయ్యి వద్దు," అంది.

"ఏయ్, ఎవరితో మాట్లాడుతున్నావు?" అన్నాడు తమ్ముడు.

"నువ్వాగరా," అంది పెద్దక్క. మరదలితో, "సరేనమ్మా," అంది. ఇంకేదో అనాలని ఉంది గానీ ఏమన్నా అది మళ్ళీ ఓదార్పులాగే ఉంటుందని ఊరుకుంది. బల్ల ముందున్న కుర్చీలోంచి లేచి, మూలనున్న చిన్నబల్ల దగ్గరికెళ్ళి, సగం తుడిచి వదిలేసిన ఫ్యానొకటి ఒళ్ళో పెట్టుకుంది.

కొత్త కార్డు పని మరదలే చేసింది. పేస్టు ఎక్కువ పడిందని తుడిచి మళ్ళీ పెట్టింది. వేగం పెంచేటప్పుడు ఒక మెట్టుకీ ఇంకో మెట్టుకీ మధ్య అవసరానికంటే ఎక్కువసేపే ఆగింది. "చాలమ్మా, ఎక్కించు," అనే మాట పెద్దక్క గొంతుదాకా వచ్చి ఆగిపోయింది. ఆమె రెక్కలు తుడుస్తూ చెవితోనే పని వింటోంది. సొరుగు తెరిచిన చప్పుడైంది, థర్మామీటరు తీసిన చప్పుడు. కాసేపటికి మళ్ళీ అదే. ఈసారి మరదలు ఒక్క చిటికెడు దగ్గరే ఆగింది. ఇంకొంచెం వెళ్ళగలదని పెద్దక్కకి అనిపించింది. ఆ ఇంకొంచెం తనవల్లే పోయిందని కూడా అనిపించింది. పరీక్షని పొద్దుగూకేదాకా నడవనిచ్చి, అప్పుడు భద్రం చేసింది మరదలు.

మర్నాడు పొద్దున్నే ఇళ్ళ బొమ్మలాయన వచ్చాడు. కట్టించుకునేవాళ్ళు ఇంకోసారి చూస్తామన్నారట, మనిషి కాస్త తేరుకున్నాడు. కంప్యూటర్ని మరదలు తానే మోసుకొచ్చి ముందుగది బల్ల మీద పెట్టింది. ఆయన దాన్ని ఎత్తుకోబోయి ఆగి, అలవాటు ప్రకారం మరదలిని దాటి వెనక నిలబడ్డ మనిషి వైపు చూశాడు. "మీ చెయ్యి పడిందా పెద్దక్కా?"

ఆయన పక్కన ఇంకో ఇద్దరు కొనడానికొచ్చినవాళ్ళు నిలబడి ఉన్నారు. తమ్ముడు ఏదో సర్దిచెప్పబోయాడు. మరదలు తలెత్తలేదు, తీగెలు చుడుతూ ఉంది.

"లేదండీ," అంది పెద్దక్క. "పోయినసారి పడింది. అమ్మాయి సరిగ్గానే చేసింది. ఆ తర్వాత నా చెయ్యి పడింది. అందుకే కాలిపోయింది."

ఆయనకి అర్థమవడానికి కాస్త సమయం పట్టింది. ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె చూపు దించుకోలేదు గానీ, ఆ చూపుని అలా నిలబెట్టడానికి ఒళ్ళంతా కూడదీసుకోవాల్సి వచ్చింది. కోప్పడితే బాగుండుననుకుంది. ఆయన కోప్పడలేదు. ఆయన కళ్ళలో ఇన్నాళ్ళూ ఉన్నదేదో నెమ్మదిగా తొలగిపోయింది. అంతే.

ఆయన మరదలి వైపు తిరిగాడు.

"అమ్మా, దీన్ని గోడకి ఎంత దూరంలో పెట్టుకోమంటావు?"

మరదలు వదిన వైపు చూడకుండానే జవాబు చెప్పింది.